పైకప్పు తెరిస్తే చాలదు

రెండే సీట్లు. బ్యాగు పెడితే నిండిపోయే డిక్కీ. వాన వస్తే చేత్తో లాగి బిగించుకోవాల్సిన గుడ్డ పైకప్పు. పిల్లల్ని బడికి దించడానికో, నెల సరుకులు తెచ్చుకోవడానికో ఇలాంటి కారు ఎవరూ కొనరు. కన్వర్టిబుల్ స్పోర్ట్స్ కారు ఉన్న ఇంట్లో సాధారణంగా ఇంకో కారు ఉంటుంది, ఇంటి అవసరాలన్నీ అదే తీరుస్తుంది. దీన్ని ఇష్టం కొద్దీ కొంటారు, ఇష్టం కొద్దీ దాచుకుంటారు. అందుకే పాత సెడాన్‌ను అమ్మినట్టు దీన్ని అమ్మడం కుదరదు. సెడాన్ కోసం వచ్చేవాళ్లు ధర, మైలేజీ, మరమ్మతు ఖర్చు లెక్క వేసుకుని వస్తారు. కన్వర్టిబుల్ కోసం వచ్చేవాళ్లు మనసు ముందే ఇచ్చేసి వచ్చి, ఆ తర్వాత లెక్కలు వెతుక్కుంటారు. అమ్మేవాళ్లకు వినిపించే సలహా కూడా ఇక్కడి నుంచే పుడుతుంది: మెరిసేలా కడుగు, ఎండ బాగా కాసిన రోజు పిలు, టాప్ తెరిచి తాళం చేతికివ్వు, బేరం దానంతట అదే కుదురుతుంది. ఈ సలహా పాటిస్తే కారు అమ్ముడవ్వచ్చు. కానీ పాత కన్వర్టిబుల్‌కు మంచి ధర తెచ్చేది, ఆ ధర మీద నిలబెట్టేది మాత్రం దాని లోపాల గురించి అమ్మేవాళ్లు తామే ముందుగా, రాసి, రసీదులతో చెప్పే మాట. నిజాయితీగా ఉండటం మంచిదే, ఆ సంగతి ఎవరికైనా తెలుసు. ఈ సంతలో అది లాభం కూడా అన్నదే ఇక్కడ వాదన.

ఉదాహరణకు మాజ్దా ఎంఎక్స్-5 తీసుకుందాం. అమెరికాలో దాన్ని మియాటా అంటారు, జపాన్‌లో మొదట యూనోస్ రోడ్‌స్టర్ పేరుతో అమ్మారు. 1989 ఫిబ్రవరిలో షికాగో ఆటో షోలో ఇది తొలిసారి జనం ముందుకు వచ్చింది. బ్రిటిష్ ఓపెన్ కార్ల కాలం అప్పటికి దాదాపు ముగిసిపోయింది. ఎంజీబీ తయారీ 1980లోనే ఆగిపోయింది. 1960ల నాటి లోటస్ ఎలాన్ లాంటి తేలికైన కారును, పొద్దున్నే తాళం తిప్పితే స్టార్టవుతుందన్న భరోసాతో, మామూలు ఉద్యోగి అందుకోగల ధరకు ఇవ్వాలని మాజ్దా అనుకుంది. అమెరికాలో 1990 మోడల్ ప్రారంభ ధర 13,800 డాలర్లు. ఇంజిన్ 1.6 లీటర్లు, శక్తి 116 హార్స్‌పవర్, బరువు టన్ను లోపే. 2016 ఏప్రిల్‌లో పది లక్షవ కారు తయారైంది. రెండు సీట్ల స్పోర్ట్స్ కార్లలో ప్రపంచంలోకెల్లా ఎక్కువ అమ్ముడైనది ఇదేనని గిన్నిస్ రికార్డు. అమ్మకం సంగతి మాట్లాడేటప్పుడు ఈ అంకెకు ఒక ప్రత్యేకమైన విలువ ఉంది. మూడున్నర దశాబ్దాలుగా ఇన్ని లక్షల మంది విప్పి, బిగించి, నడిపిన కారు కావడంతో దాని బలహీనతలన్నీ బహిరంగమైపోయాయి. అరుదైన కారైతే అమ్మేవాళ్లకే ఎక్కువ తెలిసి ఉండొచ్చు. మియాటాను చూడటానికి వచ్చే మనిషికి చాలాసార్లు యజమాని కంటే ఎక్కువ తెలుసు. ఎక్కడ వంగి చూడాలో, ఎక్కడ కార్పెట్ ఎత్తి తడిమి చూడాలో నేర్చుకునే వస్తాడు.

అతను వెతికేవేమిటో యజమానికీ తెలిసి ఉండాలి. తొలి రెండేళ్లలో తయారైన కార్లు కొన్నింటిలో క్రాంక్‌షాఫ్ట్ ముందు కొస పొట్టిగా ఉంటుంది. పుల్లీని కదలకుండా పట్టి ఉంచే గాడి అక్కడ అరిగితే పుల్లీ ఊగడం మొదలవుతుంది, పట్టించుకోకపోతే చివరికి క్రాంక్‌షాఫ్టే పాడవుతుంది. బానెట్ తెరిచి పుల్లీ మీద గాట్లు లెక్కపెడితే ఏ రకమో తెలిసిపోతుంది: పొట్టి కొస ఉన్నవాటికి నాలుగు, తర్వాత మార్చినవాటికి ఎనిమిది. టైమింగ్ బెల్టును 60 వేల మైళ్లకు ఒకసారి మార్చాలి. తొలి తరం కారులో వెనక అద్దం నిజానికి ప్లాస్టిక్. చలికాలంలో జిప్ తీయకుండా టాప్ మడిస్తే పగులుతుంది, ఎండకు పసుపెక్కుతుంది. 1998లో వచ్చిన రెండో తరం నుంచి గాజు అద్దం పెట్టారు.

వీటన్నిటికంటే పెద్ద సమస్య నీరు. టాప్ మీద పడిన వాన నీరు వెనక రెండు మూలల్లో ఉన్న గొట్టాల గుండా దిగి, వెనక చక్రాలకు కాస్త ముందు బయటికి పోవాలి. ఆకులు, మట్టి చేరి ఆ గొట్టాలు మూసుకుపోతే నీరు సీట్ల వెనక కార్పెట్లోకీ, తలుపుల కింద బోలుగా ఉండే ఉక్కు భాగాల్లోకీ చేరుతుంది. మామూలు కారులో పైకప్పు కూడా బరువు మోస్తుంది. పైకప్పు లేని కారు బలమంతా ఆ కింది భాగాల్లోనే ఉంటుంది. తుప్పు అక్కడ లోపలి నుంచి మొదలవుతుంది కాబట్టి, పైన రంగు కొద్దిగా పొంగినట్టు కనిపించేసరికి లోపలి రేకు చాలావరకు తినేసి ఉంటుంది. దాన్ని పుట్టీతో పూడ్చి, రంగు కొట్టి, ఫొటో తీస్తే కొత్తగా కనిపిస్తుంది. తెలిసిన మెకానిక్ కారును లిఫ్ట్ మీద ఎక్కించగానే బయటపడుతుంది. మనం ఆనందం కోసం కొన్న ఆ మడిచే పైకప్పే ఈ కారుకు అసలు రోగ స్థానం కావడం యాదృచ్ఛికం కాదు. తెరుచుకునే ప్రతి చోటూ నీరు దూరడానికి వీలున్న చోటే. బీఎండబ్ల్యూ, మెర్సిడెస్, హోండా, ఏ కంపెనీ ఓపెన్ కారుకైనా ఇది వర్తిస్తుంది.

ప్రకటనల్లో తరచూ కనిపించే ‘తక్కువ తిరిగింది, ఎప్పుడూ షెడ్డులోనే ఉంది’ అన్న మాటను కూడా ఇలాగే చూడాలి. సంవత్సరానికి కొన్ని వందల మైళ్లు మాత్రమే తిరిగిన కారు మంచిదే అయి ఉండాలని అందరూ అనుకుంటారు. రబ్బరుకు మైళ్లతోపాటు ఏళ్లూ లెక్కే. బెల్టు, గొట్టాలు, సీళ్లు, టాప్ అంచుల రబ్బరు, టైర్లు, అన్నీ కదలకుండా నిలబడి కూడా ముసలివవుతాయి. టైరు పక్క గోడ మీద ముద్రించే కోడ్‌లో చివరి నాలుగు అంకెలు అది తయారైన వారాన్నీ సంవత్సరాన్నీ చెబుతాయి: 2314 అని ఉంటే 2014లో 23వ వారం. ట్రెడ్ నిండుగా ఉన్నా అలాంటి టైరుతో వేగంగా పోవడం ప్రమాదం. కాబట్టి తక్కువ మైలేజీ ఒక్కదాన్నే గొప్పగా చెప్పి మిగతాది వదిలేసే ప్రకటన తెలిసినవాడికి ధైర్యం ఇవ్వదు, అనుమానం పెంచుతుంది. ‘ఆరేళ్లలో నాలుగు వేల మైళ్లు తిరిగింది, టైర్లు పాతబడ్డాయి, మార్చాలి, బెల్టు మూడేళ్ల కింద మార్చాను, రసీదు ఉంది’ అని రాస్తే అదే కారు ఇంకోలా కనిపిస్తుంది.

ఎందుకలా కనిపిస్తుందో ఆర్థికశాస్త్రం ఎప్పుడో వివరించింది. జార్జ్ అకర్‌లాఫ్ 1970లో పాత కార్ల బజారు గురించి ఒక చిన్న పత్రం రాశారు. అచ్చవడానికి ముందు దాన్ని మూడు పత్రికలు తిప్పి పంపాయి. 2001లో ఆయనకు నోబెల్ తెచ్చిన కృషికి మూలం ఆ పత్రమే. ఆయన చెప్పింది ఇది: కారు మంచిదో చెడ్డదో అమ్మేవాడికి తెలుసు, కొనేవాడికి తెలియదు. తెలియనప్పుడు కొనేవాడు మంచికీ చెడుకీ మధ్య ఒక సగటు ధర మాత్రమే ఇవ్వగలడు. ఆ సగటుకు మంచి కారున్నవాళ్లు అమ్మరు, ఇంట్లోనే ఉంచుకుంటారు. మంచివి తప్పుకోవడంతో బజారులో మిగిలిన వాటి సగటు ఇంకా పడిపోతుంది, ధరా పడిపోతుంది. పశువుల సంతలో ఎద్దు నోరు తెరిచి పళ్లు లెక్కపెట్టే వీలు లేకపోతే, లేత కోడెకూ ముసలి ఎద్దుకూ ఒకే ధర పలికినట్టు. అకర్‌లాఫ్ వాదనలో నష్టపోయేది మోసపోయిన కొనుగోలుదారు ఒక్కడే కాదు. కారును శ్రద్ధగా చూసుకున్న యజమాని కూడా తన కారు మంచిదని నమ్మించే దారి లేక నష్టపోతాడు. ఇష్టంతో కొని, ప్రతి రసీదూ దాచి, నూనె మార్చిన తేదీలు రాసిపెట్టుకున్న కన్వర్టిబుల్ యజమాని సరిగ్గా ఈ స్థితిలో ఉంటాడు. అతని సమస్య కారులో లేదు, అతని మాట నమ్మడానికి ఎదుటివాడికి ఆధారం లేకపోవడంలో ఉంది.

ఆ ఆధారాన్ని ఇవ్వగలిగితే ఏమవుతుంది? దీన్నీ పరిశోధించారు. గ్రెగరీ లూయిస్ ఈబే మోటార్స్‌లో జరిగిన వేలాలను పరిశీలించి 2011లో అమెరికన్ ఎకనామిక్ రివ్యూలో ఒక వ్యాసం ప్రచురించారు. కళ్లతో చూడని పాత కారుకు ఎక్కడో దూరాన ఉన్నవాళ్లు వేల డాలర్లు ఎందుకు పెడుతున్నారన్నది ఆయన ప్రశ్న. అమ్మేవాళ్లు తమంతట తాముగా పెట్టే ఫొటోలు, రాసే వివరాలే అందులో పెద్ద భాగం జవాబు అని తేల్చారు. అలా బయటపెట్టిన సమాచారం ధరను గట్టిగా ప్రభావితం చేస్తోంది. చూపించిన కారునే, రాసిన స్థితిలోనే ఇస్తానన్న ఒప్పందంగా ఆ వివరాలు పనిచేస్తున్నాయి. దీని వెనక ఇంకా పాత ఆలోచన ఒకటి ఉంది. 1981లో శాన్‌ఫర్డ్ గ్రాస్‌మన్, పాల్ మిల్‌గ్రోమ్ వేరువేరుగా చూపించిన తర్కం ప్రకారం, రుజువు చేయగలిగిన సమాచారం ఒకరి చేతిలో ఉండీ అతను చెప్పకపోతే, ఎదుటివాళ్లు దాన్ని చెడు కబురుగానే తీసుకుంటారు. తుప్పు గురించి ప్రకటనలో ఒక్క ముక్క లేకపోతే, తెలిసిన కొనుగోలుదారు తుప్పు ఉందనే అనుకుంటాడు. ఉన్న కొద్దిపాటి తుప్పును ఫొటో తీసి చూపిస్తే అతని ఊహ అక్కడితో ఆగుతుంది. దాచిన లోపం కొనేవాడి మనసులో నిజంగా ఉన్నదానికంటే పెద్దదై కూర్చుంటుంది. ధరలో కోత పడేది ఆ పెద్ద లోపానికే.

ఈ తర్కంలో ‘రుజువు చేయగలిగిన’ అన్న షరతు చిన్నదేమీ కాదు. పోర్షే బాక్స్‌టర్‌ను చూస్తే ఆ షరతు బరువు తెలుస్తుంది. 1990ల చివర మొదలై 2008 మోడల్ దాకా వచ్చిన బాక్స్‌టర్ ఇంజిన్లలో ఇంటర్మీడియట్ షాఫ్ట్ అనే ఒక ఇరుసు ఉంటుంది. దాని కొసన ఉండే బేరింగ్ కొన్ని కార్లలో ముందస్తు సూచన పెద్దగా లేకుండానే పాడవుతుంది. పాడైతే మొత్తం ఇంజిన్ పోవచ్చు. అమెరికాలో ఈ విషయం కోర్టు దాకా వెళ్లి, కొన్నేళ్ల కార్ల యజమానులకు పరిహార ఒప్పందంతో ముగిసింది. 2009 మోడల్‌తో వచ్చిన కొత్త ఇంజిన్లలో ఆ బేరింగే లేకుండా చేశారు. పాడయ్యే కార్లు మొత్తంలో కొద్ది భాగమే. అయినా ఏది పాడవుతుందో బయటి నుంచి తెలియదు. గేర్‌బాక్స్ దించితేగానీ బేరింగ్ దగ్గరికి చేరలేం. అందుకే క్లచ్ మార్చేటప్పుడే దాన్నీ మార్పిస్తారు. అమ్మేవాడు ‘బేరింగ్ మార్పించాను’ అంటే ఆ నోటి మాటకు విలువ సున్నా, ఎందుకంటే అందరూ అదే అనగలరు. వర్క్‌షాపు పేరు, తేదీ, అప్పటి ఆడోమీటర్ అంకె, వాడిన విడిభాగం వివరం ఉన్న బిల్లు చూపిస్తే ఆ కారు మిగతా బాక్స్‌టర్ల నుంచి విడిపోతుంది. మార్పించకపోతే మార్పించలేదని రాయడమే దారి. కొనేవాడు ఆ ఖర్చును లెక్కలో వేసుకుని వస్తాడు, వచ్చాక తగువు ఉండదు. పాత స్పోర్ట్స్ కారుతోపాటు చేతులు మారే కాగితాల ఫైలు కూడా కారులో ఒక భాగమే అని చాలామంది యజమానులు అమ్మే రోజు దాకా గుర్తించరు. అప్పటికి సగం రసీదులు పోయి ఉంటాయి. ఇది నిజంగా బాధ కలిగించే విషయం, ఎందుకంటే డబ్బు ఖర్చు పెట్టిందీ వాళ్లే, ఖర్చుకు ఫలితం పోగొట్టుకుందీ వాళ్లే.

లోపాలు ముందే ఒప్పుకుంటే బేరమాడేవాడి చేతికి కర్ర ఇచ్చినట్టే గదా అని అనుభవజ్ఞులు అడుగుతారు. ఇది కొట్టిపారేయదగ్గ ప్రశ్న కాదు. ‘టాప్‌కు చిరుగు ఉంది’ అని రాస్తే, ఆ చిరుగును పట్టుకుని ధర సగానికి దించమనేవాళ్లు తప్పకుండా వస్తారు. లోపాన్ని ధరలో ముందే లెక్క కట్టకుండా రాస్తే ఈ దెబ్బ తగులుతుంది. కొత్త టాప్‌కు, బిగించడానికి ఎంతవుతుందో వర్క్‌షాపు నుంచి రాయించి తెచ్చి, అంత తగ్గించి ధర చెబుతున్నానని ప్రకటనలోనే పెడితే, అదే చిరుగును రెండోసారి బేరానికి వాడటం కష్టం. లోపం రాయడం వల్ల ఫోన్లు తగ్గుతాయన్నదీ నిజమే. తగ్గేవి ఎవరి ఫోన్లో చూడాలి. తుప్పు మాట చదివి వెనుదిరిగే మనిషి, రాయకపోతే ఇంటికొచ్చి, గంటసేపు కారు చూసి, తుప్పు కంటబడగానే వెనుదిరిగేవాడే. పైగా అప్పుడతను తుప్పుతోపాటు అమ్మేవాడి మాటను కూడా అనుమానిస్తూ వెళతాడు. అక్కడే ఉండి కొనడానికి సిద్ధపడినా, ఒక దాపరికం దొరికిందంటే ఇంకెన్ని ఉన్నాయోనని ధరలో అన్నిటికీ కలిపి కోత వేస్తాడు. బేరంలో అమ్మేవాడు బలం కోల్పోయే క్షణం అది. లోపం చిన్నదా పెద్దదా అన్నదానికంటే దాన్ని ఎవరు కనిపెట్టారన్నది అక్కడ ఎక్కువ పనిచేస్తుంది.

ఇంకో వైపు నుంచి వచ్చే వాదన వాతావరణానిది. మేఘన్ బుస్సే, డెవిన్ పోప్, జారెన్ పోప్, హోర్హే సిల్వా-రిస్సో అమెరికాలో 4 కోట్లకు పైగా కార్ల అమ్మకాలను పరిశీలించి 2015లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఉష్ణోగ్రత మామూలు కంటే 20 ఫారెన్‌హీట్ డిగ్రీలు ఎక్కువున్నప్పుడు, అమ్ముడైన కార్లలో కన్వర్టిబుల్స్ వాటా సుమారు 8.5 శాతం పెరిగింది. మంచు బాగా కురిశాక నాలుగు చక్రాలకూ శక్తి అందే బళ్ల వాటా పెరిగింది. కారు ఏళ్ల తరబడి ఉంటుంది, ఎండ ఆ రోజే ఉంటుంది. అయినా మనిషి ఆ రోజు తనకు కలిగిన కోరికే ఎప్పటికీ ఉంటుందని అనుకుని నిర్ణయం తీసుకుంటాడు. మరి ఎండ రోజు పిలిచి అమ్మేస్తే పోయేదానికి లోపాల జాబితా ఎందుకన్నది వాదన. వసంతంలో ప్రకటన ఇవ్వడంలో తప్పేమీ లేదు. డిసెంబరులో మిషిగన్‌లో కన్వర్టిబుల్ అమ్మాలని చూడటం యజమాని తన చేతులతో నష్టాన్ని కొనితెచ్చుకోవడమే. కానీ ఈ అధ్యయనం నుంచి నేర్చుకోవాల్సింది ఇంకొకటి ఉంది. ఎండ తెచ్చిన కోరిక ఎండతోపాటే తగ్గుతుంది. కొత్త కారు షోరూమ్‌లో సంతకం అక్కడికక్కడే అవుతుంది. ఇద్దరు మామూలు మనుషుల మధ్య జరిగే పాత కారు అమ్మకానికి చూడటానికీ డబ్బు చేతికందటానికీ మధ్య రోజులు పడతాయి. ఈలోగా బ్యాంకుకు వెళ్లాలి, మెకానిక్‌తో చూపించాలి, ఇంట్లో ఒప్పించాలి. ఎండకు పుట్టిన ఆవేశం అన్ని రోజులు నిలవదు. నిలిచేది ‘ఈ మనిషి ఏదీ దాచలేదు’ అన్న నమ్మకం. అందుకే కొనడానికి వచ్చినవాళ్లకు టాప్ మూసి కూడా హైవే మీద నడిపి చూడమని చెప్పాలి. గాలి చప్పుడు, తలుపు అంచున కిర్రుమనే శబ్దం, పొడుగైన మనిషి తలకు తగిలే గుడ్డ, ఇవన్నీ అప్పుడే తెలుస్తాయి. అవి తెలిసి కూడా కావాలన్నవాడు వారం తర్వాత మనసు మార్చుకోడు.

చట్టం ఏమంటుందన్నది కూడా చూడాలి. అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1985 నుంచి అమలు చేస్తున్న నిబంధన ప్రకారం పాత కార్ల డీలర్లు ప్రతి కారు అద్దానికీ వారంటీ ఉందో లేదో చెప్పే పత్రం అంటించాలి. సొంత కారు అమ్ముకునే వ్యక్తికి ఆ నిబంధన వర్తించదు. ఉన్నదున్నట్టు అమ్ముతున్నానని రాసిస్తే, తర్వాత కారు చెడిపోయినా సాధారణంగా అతని బాధ్యత ఉండదు. అలాంటప్పుడు నోరు విప్పడమెందుకని అడగవచ్చు. ఉన్నదున్నట్టు అన్న మాట అబద్ధానికి రక్షణ కాదు; తెలిసి తప్పుడు మాట చెప్పి అమ్మితే అది మోసం కిందికే వస్తుంది. ‘యాక్సిడెంటు కాలేదు గదా?’ అని కొనేవాడు ఒక్క ప్రశ్న అడిగితే మౌనం అక్కడితో ముగిసిపోతుంది, నిజమో అబద్ధమో ఏదో ఒకటి చెప్పాల్సిందే. పాత కార్ల విషయంలో చట్టం ఎంత తక్కువ కాపాడుతుందో ఆడోమీటర్ నిబంధనే చెబుతుంది. అమ్మేటప్పుడు తిరిగిన మైళ్లు రాసి ధ్రువీకరించాలన్న ఫెడరల్ నిబంధన 2010, అంతకుముందు మోడళ్లకు ఇప్పుడు వర్తించదు. అంటే తొలి మూడు తరాల మియాటాల్లో ఎక్కువ భాగానికి, హోండా ఎస్2000 ఓపెన్ కార్లన్నిటికీ మీటరు మీది అంకెకు హామీ ఇచ్చేవి యజమాని దాచిన సర్వీసు బిల్లులే. చట్టం వదిలేసిన చోట కాగితమే సాక్షి.

ధర దగ్గరికి వచ్చేసరికి యజమానికి తన మనసే అడ్డొస్తుంది. కానెమన్, నెచ్, థేలర్ అనే పరిశోధకులు 1990లో ప్రచురించిన ప్రయోగాల్లో కొందరికి కాఫీ కప్పులిచ్చి, ఎంతకు అమ్ముతారని అడిగారు; కప్పు లేనివాళ్లను ఎంతకు కొంటారని అడిగారు. చేతిలో కప్పున్నవాళ్లు అడిగిన ధర, లేనివాళ్లు ఇస్తామన్న ధరకు రెట్టింపు దాటింది. అది కాసేపటి క్రితం చేతికి వచ్చిన కప్పు. పదేళ్లు కడిగి, తుడిచి, కొండ దారుల్లో తిప్పిన కారుకు యజమాని ఎంత అడుగుతాడో ఊహించవచ్చు. మార్పులు చేయించిన కార్లలో ఇది మరీ ఎక్కువ. ఖరీదైన సస్పెన్షన్, వెడల్పు చక్రాలు, గట్టిగా మోగే సైలెన్సర్ పెట్టించి, ఆ ఖర్చంతా ధరలో కలుపుతారు. కొనేవాడికి అవి తన అభిరుచివి కాకపోతే విప్పి పారేయాల్సిన వస్తువులు. కంపెనీ నుంచి వచ్చినప్పుడు ఎలా ఉందో అలాగే ఉన్న కారుకు ఇప్పుడు విలువ పెరుగుతోంది. మాజ్దా స్వయంగా 2017లో తొలి తరం రోడ్‌స్టర్లను జపాన్‌లో పూర్వరూపానికి తెచ్చిచ్చే కార్యక్రమం ప్రకటించి, ఆగిపోయిన కొన్ని విడిభాగాలను మళ్లీ తయారు చేయించింది. కాబట్టి విప్పిన అసలు భాగాలను అటకమీద దాచినవాళ్లు వాటిని కారుతోపాటే ఇవ్వాలి. ఇక కొనేవాళ్లూ అంకెల మాయకు లోబడతారు. 2 కోట్ల 20 లక్షలకు పైగా టోకు వేలాలను పరిశీలించిన 2012 అధ్యయనం ఒకటి, పాత కారు ధర ప్రతి పదివేల మైళ్ల గీత దగ్గర 150 నుంచి 200 డాలర్లు ఒక్కసారిగా పడుతోందని చూపింది. 79,900 మైళ్లకూ 80,100 మైళ్లకూ యంత్రంలో తేడా ఏమీ ఉండదు. అమ్మాలని నిర్ణయించుకున్నాక గీత దాటేదాకా షికార్లు తిప్పడం మాత్రం అనవసర నష్టం.

డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉంటూ ఉద్యోగం మారో, ఇండియాకు తిరిగొస్తూనో ఇలాంటి కారు అమ్మాల్సి వచ్చే తెలుగువాళ్లకు వేరే ఒత్తిడి ఉంటుంది. కారును వెంట తెచ్చుకునే దారి లేదు. భారత్‌లోకి వాడిన కారు దిగుమతి చేయాలంటే అది మూడేళ్లకు మించని వయసుది, స్టీరింగ్ కుడివైపు ఉన్నదీ అయి ఉండాలి. విమానం టికెట్ చేతిలో పెట్టుకుని, పక్షం రోజుల్లో అమ్మాలంటే డీలరు ఇచ్చిన ధరకు ఇచ్చేయడమే సుఖమని చాలామంది అంటారు. అలాంటి పరిస్థితిలో ఆ మాట సరైనదే, నా వాదన అక్కడ చెల్లదు. డీలరు మోడల్‌ను, మైలేజీని, వేలంలో పలికే ధరను చూస్తాడు. మీ ఫైలు తెరిచి చదవడానికి అతనికి తీరిక ఉండదు. చూపించడానికి సమయం లేనప్పుడు సాక్ష్యానికి విలువ రాదు. అందుకే తిరుగు ప్రయాణం ఆలోచన మొదలైన రోజునే, టికెట్ కొనక ముందే, కారు సంగతి చూసుకోవాలి. వసంతం నుంచి వేసవి దాకా రెండు మూడు నెలలు దొరికితే, నిజాయితీగా రాసిన ప్రకటనకు తగిన మనిషి దొరుకుతాడు.

చివరగా కాగితాల పని. కాలిఫోర్నియాలో పొగ పరీక్ష సర్టిఫికెట్ తెప్పించి ఇవ్వడం అమ్మేవాడి పని, అది అమ్మకానికి ముందు 90 రోజుల లోపుది అయి ఉండాలి. అమ్మిన ఐదు రోజుల్లో బాధ్యత విడుదల నోటీసు రవాణా శాఖకు పంపాలి. టెక్సస్‌లో వాహన బదిలీ నోటీసుకు 30 రోజుల గడువు ఉంది. ఇక్కడ మన రాష్ట్రాల్లోనూ సంగతి అంతే. మోటారు వాహనాల చట్టం 50వ సెక్షన్ ప్రకారం అదే రాష్ట్రంలో అమ్మితే అమ్మినవాడు 14 రోజుల్లో రిజిస్ట్రేషన్ అధికారికి తెలియజేయాలి, 29, 30 నంబరు ఫారాలు నింపాలి. డబ్బు తీసుకుని, తాళం ఇచ్చి, ఆర్సీ మార్పు కొనేవాడి మీద వదిలేసినవాళ్లు సుప్రీంకోర్టు 2018లో ఇచ్చిన తీర్పు గుర్తుపెట్టుకోవాలి: రిజిస్టరులో ఎవరి పేరుంటే చట్టం దృష్టిలో యజమాని వాళ్లే, ఆ బండి వల్ల ప్రమాదం జరిగితే పరిహారం బాధ్యతా వాళ్లదే. ఈ కాగితాలతోపాటు ఇంకొకటి కూడా ఉండాలని నా సూచన. చెప్పిన లోపాలన్నీ ఒక తెల్లకాగితం మీద వరసగా రాసి, తేదీ, ఆడోమీటర్ అంకె వేసి, ఇద్దరూ సంతకం పెట్టి చెరొక ప్రతి ఉంచుకోవాలి. రేపు టాప్ కారిందని ఎవరైనా ఫోన్ చేస్తే, ఆ కాగితంలో మూడో వరస చదివి వినిపించవచ్చు.